వాడేసిన హైపోను కొబ్బరిచెట్టు మొదట్లో పోయొచ్చా?

పాతరీలు:
ఊళ్ళో ఇంటి వెనక గదిని ఫిల్మ్ కడగడానికి డార్క్‌రూమ్ చేసుకున్నాను. నెలకు ఐదారు రోల్స్, అన్నీ బ్లాక్ అండ్ వైటే. వాడేసిన డెవలపర్ (బొమ్మ తేల్చే ద్రవం), హైపో (ఆ బొమ్మను ఫిక్స్ చేసే, అంటే చెరగకుండా నిలిపే ద్రవం) కలిపి మూడు లీటర్ల దాకా తేలుతోంది. ఊళ్ళో డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకే. దానికి 40 అడుగుల్లో మా బోరు. మా బావేమో ‘కొబ్బరిచెట్టుకు పొయ్యి, పోయేదేముంది’ అంటాడు. ఏం చేయమంటారు?

బోరునీళ్ళు:
ఒక్క చుక్క కూడా నేల మీద పోయకండి. డెవలపర్‌లో ఉండే హైడ్రోక్వినోన్ చేపలకు విషం. తాగే నీళ్ళ పక్కన ప్రయోగాలా? క్యాన్లలో పట్టి టౌనుకు తీసుకెళ్ళండి.

స్టూడియోతాత:
తీసుకెళ్ళి ఎవరికిస్తాడు బాబూ? నేను ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపాను. వాడిన హైపో ఏనాడూ పారబోయలేదు. పర్యావరణం మీద ప్రేమతో కాదులే, వెండి తీసేవాళ్ళు వచ్చి డబ్బులిచ్చి పట్టుకుపోయేవారు. ఫిల్మ్ మీద వెలుగు తగలని వెండి లవణమంతా హైపోలోకే దిగుతుంది మరి. డిజిటల్ వచ్చాక వాళ్ళూ రావడం మానేశారు. డెవలపర్ మాత్రం మోరీలోనే పోసేవాళ్ళం. గాలి తగిలితే అది టీ డికాషన్ రంగుకొచ్చి చచ్చిపోతుంది.

బోరునీళ్ళు:
రంగు మారితే విషం విరిగినట్టేనా తాతగారూ?

రొయ్యలచెరువు:
ఎందుకండీ ఇంత టెన్షన్? హేచరీల్లో బ్లీచింగ్ వేసిన నీళ్ళలో క్లోరిన్ విరగడానికి మేం కలిపేది హైపోనే. రొయ్యపిల్లలు బాగానే ఉన్నాయి.

ఇనుపరజను:
అన్నా, మీరు వేసేది సంచిలోంచి తీసిన కొత్త హైపో. ఈయన దగ్గరున్నది వెండి నిండిన హైపో. రెండూ ఒకటి కావు. హైపోతో కట్టుబడిన వెండి, విడిగా తిరిగే వెండి అంత ప్రమాదం కాదు, ఒప్పుకుంటాను. కానీ సెప్టిక్ ట్యాంకు నడిచేదే బ్యాక్టీరియాతో. అందులో నెలనెలా వెండి పోయడం నాకైతే నచ్చదు. బ్లీచింగ్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి: వాడేసిన హైపోలో బ్లీచింగ్ కలపొద్దు. త్వరగా ఫిక్స్ చేసే రకాల్లో అమ్మోనియం ఉంటుంది, రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని వాయువు లేస్తుంది.

నేను చేసేది ఇదీ. మొదట గిన్నెలు తోమే స్టీలు పీచు వేశాను. వారమైనా తళతళా మెరుస్తూనే ఉంది, స్టెయిన్‌లెస్ కదా! తర్వాత లేత్ షాపులో ఇనుప రజను అడిగి తెచ్చి, నూనె పోయేలా సబ్బుతో కడిగి వేశాను. రెండో రోజుకే అడుగున నల్లటి బురద. అదే వెండి. గీకిన రాగి తీగ ముంచితే తెల్లబడకూడదు, తెల్లబడితే ఇంకా వెండి ఉన్నట్టే. బురదను పేరు రాసిన సీసాలో దాస్తాను. పైనీళ్ళను షెడ్డు కింద వెడల్పాటి టబ్బులో, కోళ్ళు తాగకుండా జాలీ కప్పి ఎండబెడతాను. డెవలపర్‌కు వేరే టబ్బు. ఫొటో రంగు మార్చే సెలీనియం టోనర్ వాడితే దాన్ని దీంట్లో కలపకండి, అది వేరే కథ.

బోరునీళ్ళు:
ఎండాక మిగిలిన అట్ట ఎక్కడ పడేస్తారు?

ఇనుపరజను:
మూత బిగించిన డబ్బాలో ఉంది. రెండేళ్ళకు అర డబ్బా కూడా కాలేదు. క్యాన్లు మోయడం కంటే డబ్బా మోయడం తేలిక, అంతవరకే నా దగ్గరున్న జవాబు.

పాతరీలు:
నిన్న పాత క్యానులో రాగి తీగ ముంచాను. పది నిమిషాల్లో వెండి గొలుసులా తయారైంది. పోయిన ఏడాదంతా కొబ్బరిచెట్టుకు పోసింది ఇదేనన్న మాట. మా బావకు ఫొటో పంపాను, ఇంకా పలకలేదు.