పట్నం బడి టీచరు పట్నంలోనే కాపురం ఉండాలా? (విజయనగరం)

గంటస్తంభం:
ఉద్యోగం విజయనగరంలో, కాపురం విశాఖలో. పొద్దున్న రైలో, నాన్‌స్టాప్ బస్సో పట్టుకుని 60 కిలోమీటర్లు రావడం, సాయంత్రం మళ్లీ స్టేషన్‌కి పరుగు. మన ఊరి ప్రాథమిక బడుల్లో ఇలాంటి టీచర్లు తక్కువేమీ కాదు. బడి ఉన్న ఊళ్లో ఉండనివాళ్లకి ఇంటద్దె భత్యం ఆపెయ్యాలని కొందరంటున్నారు. పాఠం సరిగ్గా చెప్తే చాలు, ఎక్కడ పడుకుంటే మనకేటని ఇంకొందరు. పట్నం బడుల్లో పిల్లలు పల్చబడ్డానికీ దీనికీ సంబంధం ఉందా? పని తెలిసినవాళ్లు చెప్పండి, తిట్లొద్దు.

లెక్కలపుల్ల:
నిబంధన పెడితే అద్దె రసీదు ఒకటి పుట్టుకొస్తుంది, కాపురం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ముందు పట్నం బడికి ఎవరొస్తారో చూడండి. జెడ్పీ, మండల పరిషత్ టీచర్ల బదిలీల్లో మారుమూల పల్లెలో చేస్తే ఏడాదికి 5 పాయింట్లు, పట్నంలో చేస్తే 1. ఒక బడిలో ఎనిమిదేళ్లకి మించి ఉంచరు. అంటే దూరపు పల్లెల్లో ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టినవాళ్లకే పట్నం దక్కుతుంది. అప్పటికి వాళ్ల పిల్లలు ఇంటర్, ఇంజనీరింగ్ వయసుకొచ్చుంటారు. మామూలు బదిలీ పాత (2022కి ముందున్న) జిల్లా దాటదు గనక, విశాఖలో ఇల్లు పెట్టుకుని, రైలు అందే కొత్తవలసో విజయనగరమో కోరుకుంటారు. ఇది తప్పంటే పాయింట్ల పద్ధతితోనే మొదలెట్టాలి.

అయ్యకోనేరు గట్టు:
రసీదు మాట నిజమే మాస్టారూ. కానీ దూరం దెబ్బ ఎక్కడ తగులుతుందో ఎవరూ లెక్కెయ్యరు. రైలు 40 నిమిషాలు ఆలస్యమైతే రోజులో 40 నిమిషాలే కదా పోయేది అనుకుంటాం. అది ప్రతిసారీ ఒకే పీరియడ్ మీద పడుతుంది. తొమ్మిదికి ప్రార్థన, హాజరు, ఆ వెంటనే తెలుగు. నెలకి ఐదారుసార్లు పోయేది అచ్చంగా చదవడం నేర్పే పీరియడే. పిల్ల గుణింతం దగ్గర ఆగిపోయిందంటే కారణం తెలివితేటల్లో వెతుకుతాం, టైంటేబుల్లో వెతకం.

రెండోది పిల్లల్ని చేర్చుకోవడం. ప్రైవేటు బడులవాళ్లు ఫిబ్రవరి, మార్చి నుంచే వీధుల్లో తిరుగుతారు, వ్యాను మీ గుమ్మంలోకే వస్తుందని చెప్తారు. మనం జూన్ 12న బడి తెరిచాక బ్యానర్ పట్టుకుని బయల్దేరతాం. అప్పటికే అడ్మిషన్ ఫీజు కట్టేసి ఉంటారు, కట్టిన డబ్బు వదులుకుని ఎవరొస్తారు? పిల్లల్ని బడికి పంపే తల్లికి సర్కారిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బు ప్రైవేటు బడిలో చదివినా వస్తుంది కాబట్టి అది మనవైపు లాగదు.

చెయ్యాల్సిన పని చిన్నదే. మార్చి మొదటివారంలో అంగన్‌వాడీ నుంచి ఈ ఏడు బయటికొచ్చే పిల్లల జాబితా తీసుకోవాలి. సాయంత్రం ఆరున్నర, ఎనిమిది మధ్య ఇళ్లకెళ్లాలి. తాపీ పనికీ, కలాసీ పనికీ వెళ్లేవాళ్లు పొద్దున ఏడుకే అడ్డాకి పోతారు, పగలు వెళ్తే తాళం కనిపిస్తుంది. పిల్ల ఆధార్‌లో పుట్టినతేదీ, తల్లి ఖాతాకి ఆధార్ లింకు ఆ రోజే చూసుకోవాలి. ఈ రెంటిలో ఏది తేడా ఉన్నా జూన్, జూలై అంతా మీసేవ చుట్టూ తిరగడమే. ఇప్పుడు చెప్పండి, ఐదుంపావు రైలు పట్టుకోవాల్సిన మనిషి ఆరున్నరకి ఎవరి గుమ్మంలో నిలబడగలడు?

పలకబలపం:
ఆరున్నరకి ఇళ్లకెళ్లాలంటారు, ఆరున్నరకి సొంతింట్లో వంటెవరు చేస్తారండీ? ప్రాథమిక బడుల్లో ఆడ టీచర్లు ఎంతమందో మీకు తెలియదా? ఊళ్లోనే ఉన్నవాళ్లు మాత్రం సాయంత్రం వీధులు తిరుగుతున్నారా? కంటోన్మెంట్‌లో ఇల్లుండి, బడి పక్క వీధి పేరు చెప్పలేనివాళ్లూ ఉన్నారు.

లెక్కలపుల్ల:
అదీ మాట. గట్టుగారు చెప్పిన ఇంటింటి పని ఏడాదికి పది సాయంత్రాలది. దానికోసం కాపురం మార్చమనడం కందిరీగని కొట్టడానికి రోకలి తేవడమే. ఆ పది రోజులకి ఆన్‌డ్యూటీ ఇచ్చి, మధ్యాహ్నం బడి వేళని సాయంత్రానికి జరపండి. పొద్దుటి నష్టానికైతే తెలుగుని తొమ్మిది నుంచి పదకొండుకి మార్చండి. భోజనం తర్వాత వద్దు, గుడ్డు, అన్నం తిన్న ఒకటో తరగతి కూర్చునే నిద్రపోతుంది.

బడి పరువు పోయేది వేరేచోట. నాలుగో తరగతి పిల్లకి 52లోంచి 27 తియ్యమనండి. చాలామంది 35 వేస్తారు. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తున్నారు. దాన్ని ఎర్రసిరాతో కొట్టి 25 రాసిస్తే మళ్లీ వారం కూడా 35 వస్తుంది. అగ్గిపుల్లలు పదేసి రబ్బరుబ్యాండుతో కట్టి, ఐదు కట్టలూ రెండు పుల్లలూ చేతికిచ్చి ఏడు పుల్లలివ్వమనాలి. చేతిలో విడివి రెండే. పిల్ల కాసేపు చూస్తుంది, తర్వాత తనే రబ్బరు తీస్తుంది. ఆ రబ్బరు మీరు తీశారో, పాఠం పోయినట్టే. రెండ్రోజులు పుల్లలతో, మూడోరోజు పలక మీద. ఇది విశాఖ నుంచి వచ్చినా చెప్పొచ్చు, రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్నా చెప్పకుండా ఉండొచ్చు.

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళం నుంచి ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకూ ఇద్దరే టీచర్లు. ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒకరి నెత్తిన. 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూలుకి పంపారు, 2025లో ఆ జీవో తీసేశారు. ఈ కుదుపుల్లో తల్లిదండ్రులకి అర్థమైంది ఒకటే: ఈ బడి వచ్చే ఏడుంటుందో ఉండదో తెలీదు. టీచరు అడ్రసు మారిస్తే ఆ భయం పోదు.

కాపురం ఉన్నందువల్ల ఒక లాభం మాత్రం ఉంది, అది చెవికి. మన పిల్లలు ‘ఏటి’, ‘నాను’, ‘ఒచ్చీసినాడు’ అంటారు. పుస్తకంలో ‘ఏమిటి’ అని ఉంటే ‘ఏటి’ అని చదువుతారు. అది తప్పు చదవడం కాదు, అర్థం తెలిసి తన భాషలోకి మార్చుకోవడం. ‘ఏమిటి’ని కూడబలుక్కుని సరిగ్గా పలికి, అర్థం అడిగితే నోరెత్తని పిల్ల ఇంకా వెనక ఉన్నట్టు. పరీక్షలో మాత్రం మొదటి పిల్లకి మార్కు పోతుంది, రెండో పిల్లకి పడుతుంది. సవర గిరిజన పిల్లలకి వాళ్ల సవర భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన గడ్డ మీద ఈ తేడా ఇంకా చెప్పాల్సి రావడమే చిత్రం.

పలకబలపం:
ఆ చెవి పుట్టుకతో వచ్చేదే. ఇక్కడి టీచర్లలో ఎక్కువమంది ఈ జిల్లాలవాళ్లేగా. యాస వాళ్లకి తెలుసు, బళ్లో మాట్లాడ్డానికి నామోషీ, అంతే.

గంటస్తంభం:
సరే, అద్దె భత్యం మాట వదిలేద్దాం. మార్చిలో పది సాయంత్రాలు, తెలుగు పదకొండుకి. ఈ రెండూ హెడ్మాస్టర్ చేతిలో ఉన్నవేనా, ఎంఈఓ (మండల విద్యాధికారి) సంతకం కావాలా?

అయ్యకోనేరు గట్టు:
పీరియడ్లు అటూ ఇటూ మార్చడం హెడ్మాస్టరే చెయ్యొచ్చు. బడివేళ జరపాలంటే పైవాళ్లని అడగాలి. పొద్దున తొమ్మిదికి ముఖం చూపించి హాజరు వెయ్యమనే యాప్‌కి ఆరున్నర సాయంత్రం అర్థం కాదు. టీచరు కాపురం ఇక్కడే ఉండాలని నేననడంలో సగం కారణం అదే.