‘నైస్ క్వశ్చన్ ఆఫ్ లా’: ఇక్కడ ‘నైస్’ అంటే ఏమిటి?

ఒక తీర్పును తెలుగు చేస్తున్న మిత్రులు ‘నైస్ క్వశ్చన్ ఆఫ్ లా’ అన్న మాటకు ‘మంచి న్యాయ ప్రశ్న’ అని రాసి, అది సరేనా అని అడిగారు. సరి కాదని నా అభిప్రాయం. న్యాయమూర్తి అక్కడ ప్రశ్నను మెచ్చుకోవడం లేదు. ఇరుపక్షాల వాదనలకూ బలం ఉండి, తేడా వెంట్రుకవాసిలో ఉన్నందువల్ల ఎంతో జాగ్రత్తగా తేల్చవలసి వచ్చిందని చెబుతున్నారు. ‘సూక్ష్మమైన న్యాయ ప్రశ్న’ అంటే ఆ అర్థం చెడకుండా నిలుస్తుంది. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే సన్నని భేదం, ‘నైసిటీస్ ఆఫ్ గ్రామర్’ అంటే వ్యాకరణ సూక్ష్మాలు.

ఈ విశేషణం నడిచి వచ్చిన దారి ఆశ్చర్యకరమైనది. దీని మూలం ‘తెలియనివాడు’ అనే అర్థమున్న లాటిన్ పదం ‘నెస్కియుస్’. అందులో ‘నె’ అంటే ‘కాదు’ అని. మిగిలిన భాగం ‘తెలియు’ అనే ధాతువుకు చెందినది, ‘సైన్స్’ అనే మాటకూ అదే ధాతువు మూలం. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘నైస్’ అంటే ‘తెలివితక్కువ’ అనే అర్థం. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ కూడా అలాగే వాడాడు. తర్వాత అది ఏదీ ఒక పట్టాన నచ్చని మనిషికీ, నాజూకైన వస్తువుకూ, చివరికి 16వ శతాబ్దానికి నిశితమైన పరిశీలనకూ వర్తించింది. ఈనాడు మనం ఎక్కువగా వినే ‘హాయిగొలిపే, మర్యాద గల’ అన్న అర్థం 18వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. అంటే తీర్పుల్లో కనిపించే అర్థం దానికంటే పాతది.

మన వాడుకలో ఈ మాట తీసుకున్న మలుపులు కూడా గమనించదగినవే. పిండిమరకు బియ్యం తీసుకెళ్లినవారు జంతికలకైతే ‘నైసుగా పట్టండి’ అంటారు, సున్నుండలకు మినుములైతే కొంచెం పలుకుగా ఉండాలంటారు. ఇక్కడ ‘నైసు’ అంటే పూర్తిగా మెత్తన, సన్నన. ‘నైసుగా తప్పుకున్నాడు’, ‘నైసుగా మాట్లాడి పని చేయించుకున్నాడు’ అన్నప్పుడు మాత్రం ఎదుటివారికి అనుమానం రానివ్వని నేర్పు వినిపిస్తుంది. అందులో కొంత నిందా ఉంది. నేటి ఇంగ్లీషువారు ఈ రెండు అర్థాలనూ ఊహించలేరు గనుక, వాటిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘నైస్’ అని రాయకూడదు. పిండికి ‘ఫైన్’ అనాలి, మాటతీరుకు సందర్భానికి తగిన వేరే పదం వెతుక్కోవాలి. అయితే తెలుగులో ‘నైసుగా’ అనడం తప్పని కొందరు దిద్దడం నాకు సమ్మతం కాదు. అది మన మాటగా స్థిరపడిపోయింది.

అనువాదకులు చూడవలసిన గుర్తు ఒకటుంది. ‘నైస్’ తర్వాత ప్రశ్న, భేదం, తూకం, నిర్ణయం వంటి ఆలోచనకు సంబంధించిన నామవాచకం వస్తే ముందుగా ‘సూక్ష్మమైన’ అన్న అర్థాన్ని పరీక్షించండి. మనిషి, ఇల్లు, భోజనం, వాతావరణం వస్తే ‘మంచి’, ‘చక్కని’ సరిపోతాయి.