ఫిట్స్ ఉన్న నాన్నకు వాల్వ్ ఆపరేషన్: పొద్దుటి మాత్ర వేయాలా, ఆపాలా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి):
మా నాన్నకు 58 ఏళ్లు. మదనపల్లె నుంచి తీసుకొచ్చాం, బుధవారం గుండె వాల్వ్ మారుస్తారు. నిమ్హాన్స్ ఆసుపత్రిలో రాసిన ఫిట్స్ మందులు లెవెటిరాసెటమ్, వాల్‌ప్రోయేట్ 12 ఏళ్లుగా వాడుతున్నారు. రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. ముందురోజు రాత్రి నుంచి నోట్లో ఏమీ వేయొద్దన్నారు. మరి మాత్రలు? మత్తులో ఉండగా ఫిట్స్ వస్తే ఎలా తెలుస్తుంది? ఇలాంటిది చూసినవాళ్లెవరైనా చెప్పండి, భయంగా ఉంది.

జవాబు:
అక్కా, మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. ఫిట్స్ ఉన్న మా అమ్మకు ఈ ఊళ్లోనే గుండె బైపాస్ చేయించాం. పరగడుపు అన్నారని వార్డులో పొద్దుటి డోసు వేయలేదు. నోట్లో గొట్టం ఉందని రాత్రి డోసూ పోయింది. తెల్లవారుజామున ఐసీయూ అద్దంలోంచి చూస్తే ఎడమ చెయ్యి, పెదవి కొస ఒకటే అదురు. ఇంజెక్షన్ ఇచ్చాక తగ్గింది. ఇంటి నుంచి తెచ్చిన మాత్రల డబ్బాలో ఆ రోజు గడి నిండుగా అలాగే ఉంది. ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు.
మామూలుగా ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేయిస్తారు. మింగలేనన్నాళ్లు నరానికి ఎక్కిస్తారు, మీ నాన్నగారి మందులు రెండూ ఇంజెక్షన్‌గా దొరుకుతాయి. మత్తు డాక్టర్‌ని అడిగి కేసుషీటులో రాయించండి.

ఇంకో జవాబు:
నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. ఆపరేషన్‌లో కండరాలు సడలించే మందు ఇస్తారు కాబట్టి ఫిట్ వచ్చినా ఒళ్లు కదలదు. అనుమానం ఉంటే మెదడు తరంగాలు చూసే ఈఈజీ పెట్టాల్సిందే.
ట్రానెక్సామిక్ ఆసిడ్ గురించి తప్పక అడగండి. రక్తం ఎక్కువ పోకుండా ఇస్తారు, మంచి మందే. డోసు పెరిగితే ఫిట్స్ తెప్పిస్తుంది, గుండె గదులు తెరిచే వాల్వ్ కేసుల్లో ఆ భయం ఇంకాస్త ఎక్కువ. 2017లో వచ్చిన అటాకస్ అధ్యయనం కరోనరీ (గుండె రక్తనాళాల) ఆపరేషన్ల మీద చేశారు. ఈ మందు ఇచ్చినవాళ్లలో 0.7 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 0.1 శాతం మందికి ఫిట్స్ వచ్చాయి. మందు వద్దనమని కాదు, ఫిట్స్ ఉన్న మనిషని వాళ్లకు తెలిసి డోసు వేయాలి.
వాల్‌ప్రోయేట్‌తో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు, ముందే పరీక్ష చేయించండి. తర్వాత ఇన్‌ఫెక్షన్‌కి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే రక్తంలో వాల్‌ప్రోయేట్ పనిచేయనంతగా పడిపోతుంది, వెంటనే గుర్తుచేయండి. కిడ్నీ మందగిస్తే లెవెటిరాసెటమ్ డోసు తగ్గించాలి. సోడియం, షుగర్ కూడా చూస్తూ ఉండాలి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్సండి. ఇవాళ మత్తు డాక్టర్‌ని కలిశాం. పొద్దున 6కి రెండు మాత్రలూ వేయమని, తర్వాత ఇంజెక్షన్లని రాశారు. నిమ్హాన్స్ చీటీ జిరాక్స్ ఫైలు మొదటి పేజీలో పెట్టాం. మెరోపెనెమ్ పేరు దాని మీదే ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.