వీధిలో పైకి చూసే ప్రయోగం: గంటస్తంభం దగ్గర ఎంతమంది పిల్లల్ని నిలబెట్టాలి?

సైన్స్‌టీచర్_విజయనగరం
నమస్కారమండీ. కొందరు వీధిలో నిలబడి పైకి చూస్తుంటే దారిన పోయేవాళ్లలో ఎంతమంది తలెత్తుతారో సైన్స్ ఫెయిర్ కోసం తేలుద్దామని మా ఇంటర్ పిల్లల ఆలోచన. 12 మంది ఉన్నారు. సాయంత్రం పూట అందరినీ గంటస్తంభం వైపు చూస్తూ నిలబెడితే సరిపోతుందా? లెక్క ఎలా రాసుకోవాలి?

లెక్కలబాబు_శ్రీకాకుళం
మాస్టారూ, చోటు మంచిదే గానీ గంటస్తంభాన్ని చూడొద్దు. గడియారం ఉంది కాబట్టి టైమ్ కోసం ఎవరైనా తలెత్తుతారు. పిల్లల్ని చూసి ఎత్తారో, టైమ్ చూసుకున్నారో విడదీయలేరు. ఏ విశేషమూ లేని, మూసి ఉన్న మూడో అంతస్తు కిటికీని ఎంచుకోండి. అది షాపుదో ఆఫీసుదో అయి ఉండాలి. జనం కాపురముండే మేడల వైపు చూస్తే గొడవవుతుంది.

దీని అసలు ప్రయోగం 1969లో అచ్చయింది. మిల్‌గ్రామ్, బిక్‌మన్, బెర్కోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు న్యూయార్క్ 42వ వీధిలో చేశారు. ఆరో అంతస్తు కిటికీ వైపు 60 సెకన్లు చూపు, 50 అడుగుల కాలిబాట మీద లెక్క. ఒక్కడే చూస్తే దారిన పోయేవాళ్లలో 42 శాతం తలెత్తారు, 4 శాతం ఆగారు. 15 మంది చూస్తే 86 శాతం తలెత్తారు, 40 శాతం ఆగారు. తలెత్తడానికి ఖర్చేమీ లేదు, నడుస్తూనే చూసెయ్యొచ్చు. ఆగితే పని ఆలస్యమవుతుంది. అందుకే ఈ రెండింటినీ వేర్వేరు గడుల్లో రాయించండి, కలిపేస్తే ప్రయోగంలో అందమంతా పోతుంది.

12 మందినీ నిలబెట్టకండి. 0, 1, 3, 6 చాలు. సున్నా మరీ ముఖ్యం: ఎవరూ చూడనప్పుడు మామూలుగా ఎంతమంది తలెత్తుతారో తెలియకపోతే మిగతా అంకెలకి అర్థం లేదు. 40 శాతానికీ 60 శాతానికీ తేడా నమ్మకంగా తేలాలంటే ఒక్కో గుంపు సైజుకి సుమారు 100 మంది దారిన పోయేవాళ్లు కావాలి. నిమిషంలో అంతమంది రారు, అదే సైజుతో మళ్లీ మళ్లీ చేయాలి. వరుస మాత్రం చీటీలు తీసి నిర్ణయించండి. ముందు 1, చివర 6 అని వరసగా వెళ్తే ఆలస్యమయ్యేకొద్దీ పెరిగిన రద్దీ ప్రభావం కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.

కాలిబాట
పైవారు చెప్పని చిక్కొకటి. ఆగిన జనం కూడా గుంపే. ఆరుగురు పిల్లలకి నలుగురు తోడైతే, తర్వాత వచ్చేవాళ్లు పదిమందిని చూస్తున్నట్టు. అందుకే 60 సెకన్లు దాటనివ్వకూడదు. అయ్యాక పిల్లలు చెదిరిపోయి, వాళ్లని చూసిన జనమంతా వెళ్లిపోయాకే తర్వాతి విడత.

కిటికీకి 15 మీటర్ల దూరంలో నిలబడితే తల సుమారు 30 డిగ్రీలు లేస్తుంది. దూరం నుంచి కనుగుడ్డు కనబడదు, తల వంపే కనబడుతుంది. వేలు చూపించొద్దు, మాట్లాడుకోవద్దు, చేతిలో ఫోన్ ఉండొద్దు (వీడియో తీస్తున్నారనుకుని జనం పిల్లల్నే చూస్తారు). యూనిఫాం అసలొద్దు. పడమర దిక్కుకి తిరిగి చూడాల్సిన కిటికీ అయితే సాయంత్రపు ఎండ కళ్లలో పడి ఎవరూ చూడలేరు.

జనం ఏ వైపు నుంచి వస్తున్నారో కూడా రాయించండి. 2012లో ఆండ్రూ గాలప్ అనే పరిశోధకుడి బృందం తేల్చినదాని ప్రకారం, ఎదురుగా వచ్చేవాళ్ల కంటే వెనక నుంచి వచ్చేవాళ్లే చూపుని ఎక్కువగా అనుసరిస్తారు. దగ్గరున్నవాళ్ల మీదే ప్రభావం ఎక్కువ కూడా.

సైన్స్‌టీచర్_విజయనగరం
చాలా ఉపయోగపడిందండీ. పిల్లల్ని చూసి, కిటికీ చూడకుండా వెళ్లిపోయేవాళ్లని ఎలా లెక్కించాలి? బైకుల వాళ్లనీ కలపాలా?

లెక్కలబాబు_శ్రీకాకుళం
కిటికీ వైపు గడ్డం లేస్తేనే లెక్క. పిల్లల ముఖాలు మాత్రమే చూసినవాళ్లకి మూడో గడి పెట్టండి. ఇద్దరు విడివిడిగా వీడియో చూసి లెక్కపెట్టాలి, తేడా వచ్చిన చోట మళ్లీ కలిసి చూడాలి. ఎదురు మేడ మీద నుంచి తీస్తే తలలు బాగా తెలుస్తాయి. లెక్క అయ్యాక వీడియో తీసేయండి. ముఖాలు ప్రదర్శనలో పెట్టకూడదు. జంటగా నడిచేవాళ్లలో ఒకరు తలెత్తితే రెండోవారూ ఎత్తుతారు కాబట్టి, కలిసి వచ్చిన జట్టుని ఒక్కటిగానే లెక్కించండి.

బైకుల్ని లెక్కలోకి తేవద్దు, అసలు వాళ్ల కంట పడకుండా చూడండి. హైవే మీద అవతలి వైపు ప్రమాదాన్ని చూస్తూ ఇవతలి బళ్లు నెమ్మదిస్తే వెనక నుంచి గుద్దుకోవడం తెలిసిందే. పిల్లలు రోడ్డు అంచుకి రాకుండా గోడ వైపే ఉండాలి, పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి. ముందు రోజు పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చి రండి.

కాలిబాట
సిరిమాను సంబరం దగ్గరపడిన వారం వదిలేయండి మాస్టారూ. ఆ రోజుల్లో రద్దీ మామూలుగా ఉండదు, మీ సున్నా లెక్క పాడవుతుంది.