పాత చదరంగం పావుల నకళ్లకు లేని వయసు పూయొచ్చా?

నల్లబంటు:
1849 నాటి స్టాంటన్ పావులకు (ఇప్పుడు పోటీల్లో వాడే రూపం వాటిదే) చేత్తో చేసిన నకళ్లు ఇప్పుడు రకరకాలుగా దొరుకుతున్నాయి. చాలావాటి పనితనం నాకు ఇష్టమే. నా అభ్యంతరమల్లా ఒక్క రకం మీద. బాక్స్‌వుడ్ అనే లేతరంగు కర్రతో చేసిన పావులకు తేనెరంగు పట్టించి, అంచులు కాస్త అరగదీసి, గుర్రం జూలు గీతల్లో మురికిలా కనిపించే రంగు నింపుతున్నారు. దానికి 'యాంటిక్ ఫినిష్' అని పేరు. అంతటితో ఆగినా సరిపెట్టుకోవచ్చు. రాజు అడుగు అంచు మీద అప్పట్లో వాటిని తయారుచేసిన లండన్ జాక్స్ కంపెనీ పేరు కూడా పాత ముద్రలాగే కొట్టిన సెట్ ఒకటి ఈమధ్య చూశాను. ఆకారాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, దాని మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి. కానీ పేరు, వయసు కూడా అరువు తెచ్చుకుంటే ఇంక దాన్ని నకలు అని ఎందుకు అనాలి? మీరేమంటారు?

తరిణెపని:
నల్లబంటు గారూ, ముద్ర సంగతి మీతో ఒప్పుకుంటా. రంగు సంగతి మాత్రం ఒప్పుకోను. కొత్తగా తరిణె (లేత్) పట్టిన బాక్స్‌వుడ్ పాలిపోయిన పసుపులో ఉంటుంది. వెలుతురు తగిలీ, చేతి జిడ్డు పట్టీ ముదురు రంగుకి రావడానికి దశాబ్దాలు పడుతుంది. మ్యూజియంలో ఆ ముదురు రంగు చూసి మనసు పడ్డవాడు అదే కావాలని అడుగుతాడు. ఇస్తే మోసం ఎలా అవుతుంది? అతనికి కొత్తదని తెలుసు, అమ్మినవాడికీ తెలుసు.

ఇంకో మాట. అందరూ రంగు గురించే కొట్టుకుంటారు గానీ పని చూడాల్సింది గుర్రంలో. మిగతా పావులన్నీ మొదటి నుంచీ లేత్ మీద తయారైనవే. 'అంతా చేత్తో' అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. గుర్రం తల ఒక్కటే పూర్తిగా ఉలి పని. ఇప్పుడు ఈ నకళ్లలో ఎక్కువ భాగం అమృత్‌సర్‌లో తయారవుతాయి. అక్కడ గుర్రాలు చెక్కేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు మిగతా పావులు ముట్టుకోరు. మంచి పనివాడు దవడ కింద ఉలిని లోపలికి పోనిచ్చి నోటికి, మెడకి మధ్య ఖాళీ తీస్తాడు. చవక రకంలో అక్కడ కర్ర అలాగే వదిలేసి, పైన రెండు గీతలు గీసి నోరు అనిపిస్తారు. ముక్కుపుటాలకు రంధ్రాలు పొడిచి వదిలేస్తారు. వయసు పూసినా పూయకపోయినా అలాంటి గుర్రం గాడిదలాగే ఉంటుంది.

సీసంగుండు:
తరిణెపని గారు చెప్పింది మొదటిసారి కొన్నవాడి విషయంలో నిజమే. చిక్కంతా రెండో అమ్మకంలో వస్తుంది. కొన్నాయన పోయాక పిల్లలకు ఆ పెట్టె దొరుకుతుంది. బిల్లు ఉండదు. పావులు పాతగా కనిపిస్తాయి, రాజు మీద పేరు ఉంటుంది. వాళ్లకు ఏ దురుద్దేశం లేకుండానే అది 'తాతగారి విక్టోరియా కాలం నాటి సెట్' అయిపోయి వేలానికి వెళ్తుంది.

ఎలా పట్టుకోవాలంటే, నిజమైన అరుగుదల ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. గుర్రం చెవుల కొనలు, మంత్రి కిరీటం పళ్లు, రాజు నెత్తిన శిలువ, అడుగు అంచు ముందు దెబ్బతింటాయి. మెడ సందులో గీతలు పదునుగానే మిగులుతాయి. పూసిన వయసు అన్ని చోట్లా సమానంగా ఉంటుంది, మురికి కూడా కొలిచి పెట్టినట్టు ఉంటుంది. ఇంకోటి, పాత సెట్లలో బరువుకు సీసం పోసేవారు, ఇప్పటి నకళ్లలో చాలావరకు ఇనుము పెడతారు. అడుగున చిన్న అయస్కాంతం ఆనిస్తే అతుక్కుంటుంది. అలాగని అతుక్కోకపోతే పాతదే అని తేల్చేయకండి, సీసం ఇప్పుడూ దొరుకుతుంది.

ఎత్తుకుపైఎత్తు:
మన్నించాలి, మీరంతా అసలు సంగతి మరిచిపోతున్నారు. స్టాంటన్ పావులు పుట్టిందే ప్రచారంతో! ఆ రూపాన్ని 1849 మార్చి 1న రిజిస్టర్ చేయించింది నథానియెల్ కుక్. తయారుచేసింది జాన్ జాక్స్. అప్పటి మేటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ దాన్ని గీయలేదు, చెక్కలేదు. పత్రికలో తను రాసే చదరంగం శీర్షికలో మెచ్చుకున్నాడు, పెట్టెల మీది కాగితాలకు తన సంతకం ఇచ్చాడు. పేరు అతనికే మిగిలింది. అరువు పేరుతో అమ్ముడైన వస్తువుకి ఇంకో పేరు అరువు తెస్తే ఇంత గొడవెందుకు?

నల్లబంటు:
ఎత్తుకుపైఎత్తు గారూ, స్టాంటన్ ఒప్పుకుని ఇచ్చిన పేరు అది. ఇక్కడ ఎవరు ఒప్పుకున్నారు?

ఒంటెదారి:
నేను ఆడేవాణ్ని, దాచేవాణ్ని కాదు, కాబట్టి నా బాధ వేరు. స్టాంటన్‌కు ముందున్న సెయింట్ జార్జ్, బార్లీకార్న్ రకాల నకళ్లు కూడా వస్తున్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. వాటితో బ్లిట్జ్, అంటే కొద్ది నిమిషాల్లో ముగించాల్సిన ఆట, ఆడి చూడండి! మంత్రేదో శకటేదో తేల్చుకునేలోపు గడియారం అయిపోతుంది. పొడుగ్గా, సన్నటి అడుగుతో ఉన్నవి చెయ్యి తగిలితే పడతాయి. స్టాంటన్ రకం నిలిచింది ఎవరో మెచ్చుకున్నందుకు కాదు, అడుగు వెడల్పుగా ఉండి ఏ పావు ఏదో చూడగానే తెలిసినందుకు. అందుకే నకలు చేసేటప్పుడు కొలతల్లో, బరువులో పట్టు సడలించకండి. రంగు మీ ఇష్టం.

1950 దుబ్రోవ్నిక్ చదరంగం ఒలింపియాడ్ కోసం చేసిన పావుల నకళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒకప్పటి ప్రపంచ విజేత బాబీ ఫిషర్‌కు అవి బాగా ఇష్టం కాబట్టి గిరాకీ ఎక్కువ. వాటిలో శకటు నెత్తిన గుండు ఎదుటి రంగులో ఉంటుంది, తెల్ల శకటుకి నల్లగుండు. ఆ గుండు వదులుగా అతికించి పంపిన సెట్ ఒకటి నా దగ్గర ఉంది. ఆట మధ్యలో ఊడి దొర్లుతుంది. వయసు బాగా పూశారు, జిగురు పూయడం మరిచిపోయారు.

తరిణెపని:
😂 తమ్ముడూ, అది నకలు తప్పు కాదు, తొందర తప్పు. కర్ర సరిగా ఆరకముందే తరిణె పట్టి ఉంటారు. తర్వాత కర్ర కుంచించుకుపోతే ఏ జిగురూ ఆపలేదు. నల్లపావులకు వాడే ఎబొనీ కర్ర మరీ మొండిది, పైకి ఆరినట్టుంటుంది గానీ వాతావరణం మారితే అడుగు నుంచి నెర్రె తీస్తుంది. రోజూ ఆడేవాడు నల్లరంగు పట్టించిన బాక్స్‌వుడ్ తీసుకోవడం మేలు. పాత సెట్లు పోగుచేసే కలెక్టర్లు ముఖం చిట్లిస్తారు, చిట్లించనీండి.

సీసం గురించి కూడా ఒక మాట. పాతవాటిలో ఉంది కదా అని నకళ్లలో పోయించుకోకండి. కర్ర నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి ఏళ్ల మీద సీసం తెల్లగా పొంగి అడుగును చీల్చేస్తుంది. పాత సెట్లకే ఈ జబ్బు ఉంది. చేసేవాళ్ల ఆరోగ్యం సంగతి సరేసరి.

సీసంగుండు:
నా పేరు మార్చుకోవాలేమో అయితే. మరి కిరీటం ముద్ర మాటేమిటి? పాత సెట్లలో రాజు వైపు ఏనుగుకి, గుర్రానికి చిన్న కిరీటం కొట్టేవారు. అదీ తీసెయ్యమంటారా?

నల్లబంటు:
అక్కర్లేదు. దానికో పని ఉండేది. అప్పట్లో ఎత్తులు 'రాజు ఏనుగు', 'మంత్రి గుర్రం' అని రాసేవారు. ఆట సాగి పావులు కలిసిపోయాక ఏది ఏ వైపుదో తెలియడానికి ఆ ముద్ర. ఇప్పుడు అలంకారమే, అయినా ఎవరి పేరూ కాదు కాబట్టి ఉండనీండి. నేను అడిగేది రెండే. పాత కంపెనీ పేరు వద్దు. చేసినవాడి గుర్తు, చేసిన సంవత్సరం ఉండాలి. వయసు పూసిన సెట్ అయితే తప్పనిసరిగా ఉండాలి.

తరిణెపని:
ఎక్కడ కొట్టమంటారు? ఎబొనీ అంచు మీద లోతుగా కొడితే అక్కడినుంచే పగులుతుంది. కాగితం అంటిస్తే పీకేస్తారు. అడుగున అంటించే మెత్తటి ఫెల్ట్ గుడ్డ కింద, కర్ర మీదే కాల్చి వేయొచ్చు. అది చెరపాలంటే అడుగు చిత్రిక పట్టాలి, ఎత్తు తగ్గిపోయి దొరికిపోతారు. రాజుకి ఒక్కటి చాలు కదా?

సీసంగుండు:
చాలదు. రాజు ఒక్కడికే వేస్తే రాజునే మార్చేస్తారు. గుర్రాలకు కూడా వేయించండి, వాటిని మార్చడం కష్టం. పాత సెట్ల కాలం తేల్చేది కూడా వాటి ముఖం చూసే. కలెక్టర్లు వాటికి ఆండర్సన్, మోర్ఫీ, స్టీనిట్జ్ అని ఆటగాళ్ల పేర్లు కూడా పెట్టుకున్నారు.

ఎత్తుకుపైఎత్తు:
నాకింకా ఇదంతా అతి అనే అనిపిస్తోంది. కానీ గుర్రాల కింద సంవత్సరం వేసిన సెట్ ఎవరైనా చేస్తే ఇక్కడ ఫొటో పెట్టండి, ఫెల్ట్ తీసి మరీ.