అప్‌డేట్: పది ఎలక్ట్రోడ్లకి పన్నెండు లీడ్లు, లెక్క కుదిరింది

మొన్న అడిగాను కదా, గుండె కరెంటుని కాగితం మీద గీతలుగా గీసే ఈసీజీ పరీక్షకి ఒంటిమీద అంటించే ఎలక్ట్రోడ్లు పదే అయితే కాగితం మీద పన్నెండు లీడ్లు ఎలా వస్తాయని. లీడ్ అంటే వైరు అనుకోవడమే నా పొరపాటు. గుండెలో పుట్టే కరెంటుని ఒక్కో కోణం నుంచి చూస్తే ఒక్కో లీడ్ అట: రెండు చేతులు, ఎడమ కాలి మీదవి రకరకాలుగా జతచేస్తే ఆరు, ఛాతీ మీదవి ఆరు. కుడికాలిది కేవలం గ్రౌండ్, దాంతో లీడ్ రాదు.

తర్వాత నా పాత ఈసీజీ తీసి గళ్లు లెక్కపెట్టాను. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి చిన్న గడి 0.04 సెకను, పెద్దది 0.2. ముందు చిన్న గుట్టలా పీ అనే అల, అది గుండె పై గదులది. వెంటనే నిట్టనిలువుగా లేచే క్యూఆర్ఎస్ కింది గదులది, ఆ గదులు తేరుకుంటే టీ అల. పక్కపక్కనున్న రెండు ఆర్ మొనల (క్యూఆర్ఎస్‌లో పైకి లేచే మొన) మధ్య సరిగ్గా నాలుగు పెద్ద గళ్లున్నాయి, నిమిషానికి 300 పెద్ద గళ్లు నడుస్తాయి కాబట్టి 300ని 4తో భాగిస్తే గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకున్నట్టు, మెషీన్ వేసిన అంకె కూడా అదే! ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.