మార్చింగ్ బ్యాండ్ బాగుందని దేన్ని చూసి చెప్పాలి?

క్లారినెట్ అమ్మ (డాలస్ దగ్గర):
మా అమ్మాయి టెన్త్ గ్రేడ్, హైస్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్. మొన్న మార్చింగ్ పోటీల్లో మొదటి మెట్టు రీజియన్‌లో డివిజన్ వన్, అంటే అన్నిటికన్నా పై రేటింగ్, వచ్చింది కానీ దాని తర్వాతి మెట్టు ఏరియాలో ఫైనల్స్‌కి వెళ్లలేదు. అప్పటినుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, డైరెక్టర్‌ని మార్చాలట! రీజియన్‌లో ఎవరి రేటింగ్ వాళ్లదే, బాగా చేస్తే అందరికీ వన్ రావచ్చు. ఏరియాలో ర్యాంకులు. పక్క స్కూలు ఇంకా బాగా చేస్తే మనం వెనకపడతాం. అంతమాత్రాన మన బ్యాండ్ చెడిపోయినట్టా?

సూసాఫోన్ నాన్న:
చెడిపోయిందని ఎవరన్నారండీ? ఎదగడం లేదంటున్నాం. ఆస్టిన్‌లోని వాండెగ్రిఫ్ట్ హైస్కూల్ 2019లో ఇండియానాపొలిస్ వెళ్లి బ్యాండ్స్ ఆఫ్ అమెరికా గ్రాండ్ నేషనల్స్ అనే జాతీయ పోటీ గెలుచుకొచ్చింది. అదీ పబ్లిక్ స్కూలే. వాళ్లకూ అదే యూఐఎల్ (టెక్సస్‌లో స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) రూలు, స్కూలు టైమ్ కాకుండా వారానికి ఎనిమిది గంటలకు మించి ప్రాక్టీస్ చేయకూడదు. ఆ ఎనిమిది గంటలు మన దగ్గర ఏమవుతున్నాయి?

పాత ట్రంపెట్:
అంకుల్, నేను నాలుగేళ్లు చేసి ఈ ఏడే కాలేజీకి వచ్చాను. ఏమవుతాయో చెప్తా. ఐదు గజాలకు ఎనిమిది అడుగులు వేయాలి, అంటే ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. ఆగస్టు ఎండలో, పార్కింగ్ లాట్‌లో గీసిన తెల్ల గీతల మీద, ఎప్పుడు ఎక్కడ నిలబడాలో, అంటే మన డాట్లు, రాసుకున్న డాట్ బుక్ మెడలో వేలాడుతుంటే, వాయిస్తూ నడవాలి. ఒక్కడు తన డాట్ దాటి రెండడుగులు పోతే అందరం కలిసి కట్టిన వంపు మొత్తం పాడు. "రీసెట్!" అని అరుస్తారు, అందరం వెనక్కి పరుగు. పాట రాకుండా వచ్చినవాళ్లు పదిమంది ఉంటే మీ ఎనిమిది గంటలు రీసెట్లకే సరి. వాయించడం సిక్స్త్ గ్రేడ్‌లోనే గట్టిగా నేర్పాలి. మిడిల్ స్కూల్ బ్యాండ్ బలహీనంగా ఉంటే హైస్కూల్ డైరెక్టర్ ఎంత గొప్పవాడైనా ఏం చేస్తాడు?

సూసాఫోన్ నాన్న:
సరే బాబూ, ఒప్పుకుంటా. కానీ ప్రైవేట్ లెసన్లకు డబ్బులు కడుతున్నది మేమే కదా.

ఇద్దరు పిల్లల తల్లి:
డబ్బు సంగతి అటుంచండి. నేను చూసేది ఒక్కటే. నైన్త్‌లో చేరినవాళ్లలో ట్వెల్త్‌లో ఎంతమంది మిగిలారు? మా పెద్దాడి సెక్షన్‌లో, అంటే అదే వాయిద్యం వాయించే పిల్లల్లో, లెవెన్త్‌కి వచ్చేసరికి ఐదుగురు మానేశారు. ముగ్గురు మన తెలుగు పిల్లలే. మా డిస్ట్రిక్ట్‌లో బ్యాండ్‌కి వచ్చే పాయింట్లు ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసులకన్నా తక్కువ. చదువులో ర్యాంకు పడిపోతుందని తల్లిదండ్రులే మాన్పించారు. అందులో నేనూ ఉన్నాను, దాచడమెందుకు. నైన్త్ పిల్లలకు డాట్ ఎలా చూసుకోవాలో పక్కన నిలబడి చెప్పేది ఆ పైక్లాసు పిల్లలే. వాళ్లని మనం లాగేసుకుని, ఫైనల్స్ రాలేదని డైరెక్టర్ మీద పడితే ఎలా?

క్లారినెట్ అమ్మ:
ఈ మాట ఆ వాట్సాప్ గ్రూపులో పెట్టనా? మీ పేరు లేకుండానే.

ఇద్దరు పిల్లల తల్లి:
పేరుతోనే పెట్టండి.

సూసాఫోన్ నాన్న:
పెట్టండి, పెట్టండి. మా వాడికి వచ్చే ఏడు ఏపీ కెమిస్ట్రీ ఉంది. బ్యాండ్ మాన్పిద్దామనే అనుకుంటున్నాం. ఇంట్లో ఇంకోసారి మాట్లాడాలి.